బాకా బాగుంటేనే బారాత్!

ఆషాఢం వచ్చిందంటే పెళ్లి బ్యాండు వాళ్లకు సెలవులొచ్చినట్టే. టోలిచౌకి నుంచి షేక్‌పేట దాకా రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఫంక్షన్ హాళ్లలో సందడి సగానికి సగం తగ్గిపోతుంది. ఆషాఢానికి తోడు మూఢం కూడా వచ్చిపడిందంటే ఇక రెండు మూడు నెలలు ముహూర్తాల మాటే ఉండదు. అప్పటిదాకా రాత్రీ పగలూ ఊరేగింపుల్లో మోగిన ట్రంపెట్లు, ట్రాంబోన్లు, యుఫోనియంలు గోనెసంచుల్లోకో, అటక మీదికో చేరతాయి. బయటేమో వాన... లోపలేమో చెమ్మ. శ్రావణంలో మొదటి ముహూర్తానికి వాటిని దించి చూస్తే ట్రంపెట్ మీటలు కదలవు. మౌత్‌పీస్ ఊడి రాదు. ఊదితే పాట కంటే ముందు వాసన వస్తుంది!

అడ్వాన్సు పుచ్చుకున్న బ్యాండు మాస్టరుకు చెమటలు పట్టేది అప్పుడే. పది మంది బృందంలో రెండు వాయిద్యాలు మూగబోతే పెళ్లివారు ఊరుకుంటారా? ఒప్పుకున్న సొమ్ములో కోత పెడతారు. ఆ కోత చివరికి వెనక వరసలో ఊదే కుర్రాడి కూలీ మీద పడుతుంది. కాబట్టి ఇత్తడి వాయిద్యాన్ని శుభ్రంగా ఉంచుకోవడం సోకు కాదు, పొట్టకూటి విషయం. పిల్లల్ని స్కూలు బ్యాండులో చేర్చిన తల్లిదండ్రులకూ, తాతగారి ట్రంపెట్‌ను షోకేసులో దాచుకున్నవారికీ కూడా ఈ సంగతులు పనికొస్తాయి.

ఇత్తడే ఎందుకు?

మన ఇళ్లలో ఇత్తడికీ కంచుకూ తేడా తెలిసిన తరం వెళ్లిపోతోంది. రాగిలో తగరం కలిపితే కంచు. రాగిలో జింకు... అదే యశదం కలిపితే ఇత్తడి. గంటలకూ తాళాలకూ కంచు కావాలి. వంచి, సాగదీసి, గొట్టంగా చుట్టాలంటే ఇత్తడే మేలు. ట్రంపెట్లకు ఎక్కువగా వాడే ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి.

చేతిలో చిన్నగా కనిపించే ట్రంపెట్‌ను సాగదీసి నిలబెడితే గొట్టం పొడవు దాదాపు 5 అడుగులు. ట్రాంబోన్‌ది 9 అడుగులు. పెద్ద ట్యూబాదైతే 18 అడుగులు! మన జాతరల్లో ఊదే కొమ్ము కూడా ఈ కుటుంబందే. పెదవులు అదిరితే గొట్టంలోని గాలి అదురుతుంది, ఆ గాలే పాడుతుంది. కొమ్ముకూ బ్యూగిల్‌కూ మీటలుండవు. అందుకే కొన్ని స్వరాలే పలుకుతాయి. 1818లో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు జర్మన్లు వాల్వులకు పేటెంటు తీసుకున్న తర్వాత కథ మారింది. మీట నొక్కితే గాలి మరికొంత గొట్టం చుట్టి వస్తుంది, స్వరం దిగుతుంది. ట్రంపెట్‌లో మొదటి మీట ఒక స్వరం, రెండోది అర స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం దింపుతాయి. ఈ మూడింటినీ కలిపి నొక్కుతూ మొత్తం పాట వాయించేస్తారు.

చిక్కంతా ఆ మీటల దగ్గరే. పిస్టనుకూ, అది దిగే గొట్టానికీ మధ్య ఉండే సందు తల వెంట్రుక మందం కూడా ఉండదు. అందులోకి కాస్త దుమ్ము, కాస్త ఉమ్మి, పెళ్లిలో తిన్న జిలేబీ పాకం చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా!

మీరట్ నుంచి మన వీధిలోకి

ఈ వాయిద్యాలు మనకు దొరల పటాలాలతో వచ్చాయి. పటాలం నుంచి సంస్థానాలకు, అక్కడి నుంచి పెళ్లి ఊరేగింపులకు పాకాయి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ దండు ఊరు కావడంతో బ్యాండు సామాన్లకు అదే పుట్టిల్లయింది. అక్కడి జలీ కోఠీ బజారులో ఈనాటికీ ఇత్తడి రేకును చేత్తో చుట్టి బాకాలు చేస్తారు. నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. 2025లో మీరట్ బ్యూగిల్‌కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు ఆ గుర్తింపు 2010లోనే వచ్చింది. మనవాళ్ల చేతిలో ఇత్తడి దేవుడి తొడుగులూ, జ్ఞాపికలూ అయితే, మీరట్‌లో సంగీతమయింది. పెళ్లి బ్యాండుల మీద గ్రెగరీ బూత్ అనే పరిశోధకుడు ‘బ్రాస్ బాజా’ పేరుతో 2005లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. వీధిలో వాయించేవాళ్లని మనం పట్టించుకోకపోయినా, ఎక్కడినుంచో వచ్చి ఆయన పట్టించుకున్నారు!

సినిమావాళ్లు మాత్రం బాకాను ఎప్పుడూ వదల్లేదు. బొంబాయిలో గోవా ట్రంపెట్ కళాకారుడు చిక్ చాకొలెట్ 1951లో వచ్చిన ‘అల్బేలా’లో తెర మీద కూడా కనిపించారు. మద్రాసులో తెలుగు పాటలు రికార్డయిన రోజుల్లో గాయకులు, వయొలిన్లు, ట్రంపెట్లు అందరూ ఒకేసారి వాయించాలి. ఒక్కరు తప్పితే టేకు మొత్తం మళ్లీ మొదలు. అక్కినేని 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించినప్పుడు జూబ్లీహిల్స్ చుట్టుపక్కలంతా రాళ్లగుట్టలే. పరిశ్రమ మెల్లమెల్లగా ఇక్కడికి వచ్చి స్థిరపడేసరికి సంగీతం కూడా మారిపోయింది. కీబోర్డులు వచ్చాయి. బాకా మోత కంప్యూటర్లో దొరుకుతోంది. 2024లో ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ అని కోనసీమ బ్యాండు కుర్రాడి కథతో సినిమా వచ్చి జనాన్ని ఆకట్టుకుంది కానీ, అలాంటి కుర్రాళ్లకు స్టూడియో మైకు ముందు నిలబడే అవకాశాలు మాత్రం బాగా తగ్గాయి.

మైకుకు లోపలే ముఖ్యం

సినిమా షూటింగుకు బాకా కావాలంటే పైన మెరిస్తే చాలు. ఒక్కోసారి ఆ మెరుపు కూడా ఎక్కువై లైటు కెమెరా కంట్లో కొడుతుందని, మెరుపు తగ్గించే స్ప్రే చల్లుతారు. ఆ వాయిద్యం మళ్లీ ఊదాల్సిందే అయితే షూటింగు అయిన సాయంత్రమే స్ప్రే తుడిచేయాలి. అది మీటల్లోకి జారితే వదిలించడం కష్టం.

రికార్డింగ్ థియేటర్లో సంగతి వేరు. మైకు మెరుపును చూడదు. గొట్టంలో గరగర, మీట దగ్గర గాలి లీకు, వాటర్ కీ దగ్గర బుడగల చప్పుడు... అన్నీ వినేస్తుంది. ఇంకో పెద్ద ఇబ్బంది శ్రుతి. గాలిలో ధ్వని వేగం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. అందుకే మండుటెండలో బారాత్‌లో ట్రంపెట్ శ్రుతి పైకి పోతుంది. అదే ట్రంపెట్‌ను ఏసీ గదిలోకి తీసుకెళితే కిందికి దిగుతుంది. వీధిలో అందరి శ్రుతీ ఒకేసారి పైకి పోతుంది కాబట్టి పెళ్లివారికి తెలియదు. స్టూడియోలో మాత్రం కీబోర్డు ట్రాకు కదలదు. మనమే దానికి కలవాలి. అలా కలపడానికే ట్యూనింగ్ స్లైడ్ ఉంది. కొద్దిగా లాగితే గొట్టం పొడవు పెరిగి శ్రుతి దిగుతుంది, లోపలికి తోస్తే ఎక్కుతుంది. ఏళ్ల తరబడి గ్రీజు ముఖం చూడని స్లైడ్ బిగుసుకుపోయి ఉంటే? ఎంత విద్వత్తున్నా శ్రుతి కలపలేరు. ఫిల్మ్‌నగర్ నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చే పిలుపు పది రూపాయల గ్రీజు లేక చేజారిపోతుందన్నమాట!

రోజూ ఐదు నిమిషాలు

వాయిద్యానికి రోజూ చేయాల్సిన సేవ పెద్దదేం కాదు.

ఊదే ముందు నోరు పుక్కిలించాలి. లడ్డూ, కూల్‌డ్రింకు, పాన్, గుట్కా... ఇవన్నీ ఊపిరితో పాటు గొట్టంలోకి పోయేవే. భోజనాల దగ్గర నుంచి లేచి నేరుగా బాకా అందుకునే అలవాటు మానితే సగం రోగాలు పోతాయి.

వాయించడం అయిపోగానే వాటర్ కీ నొక్కి, గట్టిగా ఊది, లోపలి నీళ్లు దింపేయాలి. అదంతా ఉమ్మి అనుకుంటారు చాలామంది. నిజానికి ఎక్కువ భాగం మన ఊపిరిలోని ఆవిరే. చల్లని ఇత్తడికి తగిలి నీరవుతుంది. వేలిముద్రలను, చెమటను పాత కాటన్ పంచె ముక్కతో తుడవాలి. చెమటలోని ఉప్పు పై పూతను తినేస్తుంది.

మీటలకు రెండు మూడు చుక్కల వాల్వ్ ఆయిల్ వేయాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఎండలో బాగానే ఉన్నట్టుంటుంది... ఏసీ హాల్లోకి అడుగుపెట్టగానే మీట నొక్కితే తిరిగి లేవదు! కుట్టుమిషన్ నూనె కూడా చిక్కదనం ఎక్కువ, మీటను బద్ధకంగా చేస్తుంది. ఉమ్మి తడి చేసి నడిపించే పాత పద్ధతి కూడా వద్దు. అది ఎండి పొరలా పేరుకుంటుంది. స్లైడ్లకు మాత్రం చిక్కటి గ్రీజే కావాలి. దొరక్కపోతే వాజిలైన్ అయినా పర్వాలేదు. ట్రాంబోన్ పెద్ద స్లైడ్‌కు ఈ రెండూ పనికిరావు. దానికి విడిగా క్రీమ్ దొరుకుతుంది, పైన కాసిని నీళ్లు చల్లితే జారుతుంది.

నెలకోసారి తలంటు

నెలకు ఒక్కసారి వాయిద్యానికి తలంటు పోయండి. పెద్ద టబ్బులో అడుగున పాత తువ్వాలు పరవండి. గీతలు పడవు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు చాలు. మరిగే నీళ్లు పోశారో, పైనున్న లక్క పూత పొరలుగా లేచిపోతుంది.

ముందుగా మీటలు, స్లైడ్లు విప్పదీయాలి. మీటల మీద 1, 2, 3 అంకెలు చెక్కి ఉంటాయి. ఏ అంకెది ఆ గూట్లోకే వెళ్లాలి. కొత్త కుర్రాళ్లు సరిగ్గా ఇక్కడే తికమక పడతారు. ‘అన్నా, ఊదితే గాలే పోతలేదు’ అని ఏడుపు ముఖం పెడతారు. రోగమేమీ లేదు... రెండో మీట మూడో గూట్లో కూచుంది, లేదా గాడిలో పడకుండా కాస్త పక్కకు తిరిగింది. అంతే! మీటల కింద ఉండే ఫెల్ట్ బిళ్లలను నీళ్లలో నానబెట్టకూడదు. మీటలను విడిగా తుడిస్తే చాలు.

గొట్టం లోపల తిప్పడానికి స్ప్రింగులాంటి పొడవాటి బ్రష్ దొరుకుతుంది. ముఖ్యంగా మౌత్‌పీస్ తర్వాత వచ్చే సన్నటి లీడ్‌పైపులో బాగా తిప్పాలి. మొదటిసారి చేసినప్పుడు అందులోంచి వచ్చేది చూస్తే రెండోసారి ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, స్లైడ్లకు గ్రీజు, మీటలకు నూనె పెట్టి బిగించాలి. మౌత్‌పీస్‌ను మాత్రం వారానికోసారి కడగాలి. ఒకరి మౌత్‌పీస్ ఇంకొకరు వాడకపోవడం మంచిది. దాని వెండి పూత అరిగిపోయి పచ్చి ఇత్తడి పెదవికి తగులుతుంటే కొందరికి దురద, పుండ్లు వస్తాయి. మళ్లీ పూత వేయించండి, లేదా మార్చేయండి.

చింతపండు వద్దు!

ఇత్తడి అనగానే మన చేయి చింతపండు వైపు పోతుంది. బిందెలకూ, కుందులకూ అది భేషైన మందే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న చిలుమును కరిగించేస్తుంది. కానీ బిందె మందం వేరు, బాకా మందం వేరు. ట్రంపెట్ గరాటా రేకు మందం అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. ఆ మీద లక్కో, వెండో పూత ఉంటుంది. చింతపండు, ఇసుక, మెటల్ పాలిష్‌లతో ప్రతి పెళ్లికీ రుద్దితే ముందు పూత, తర్వాత లోహం పోతాయి. పులుపు కీళ్లలోకి, మీటల్లోకి దిగితే ఇంకా ముప్పు. మెరుపు తగ్గిన బాకా బాగానే పాడుతుంది. రేకు అరిగిన బాకాకు మాత్రం మందు లేదు.

లీడ్‌పైపు మీద గులాబీ రంగు చుక్కలు కనిపిస్తే జాగ్రత్తపడాలి. ఆమ్లాలూ, చెమ్మా చేరి ఇత్తడిలోని జింకును తినేస్తే మిగిలిన రాగి అలా గులాబీ రంగులో బయటపడుతుంది. మరక లోపలి నుంచి బయటికి వచ్చిందంటే గొట్టం పుచ్చుతోందని అర్థం. ఆ ముక్క మార్పించడమే మార్గం. లోపల శుభ్రంగా ఉంటే ఈ రోగం దరిచేరదు.

వానాకాలం నేర్పిన పాఠం

దొరల కాలంలో మన దేశంలోనే ఒక వింత జరిగింది. వానాకాలంలో యుద్ధాలు ఆగిపోయేవి. తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు తగ్గాక తీసి చూస్తే ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే పగిలి ఉండేవి! కారణమేమిటో చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 1921లో ముగ్గురు శాస్త్రవేత్తలు గుట్టు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో చెమ్మ, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు... మూడూ కలిసి ఇత్తడిని చీల్చేస్తున్నాయన్నమాట. ఆ పగుళ్లకు ఇంగ్లిషులో పెట్టిన పేరుకు అర్థం కూడా ‘కాలాన్ని బట్టి వచ్చే పగుళ్లు’ అనే.

బాకాకు కూడా అదే ఇత్తడి, అవే వంపులు. కాబట్టి వానాకాలంలో దాన్ని పశువుల కొట్టంలోనో, మరుగుదొడ్డి గోడ పక్కనో పెట్టకండి. ఘాటుగా అమోనియా వాసన వచ్చే క్లీనర్లూ వద్దు. గోనెసంచి చెమ్మను పట్టి ఉంచుతుంది. పూర్తిగా ఆరిన తర్వాతే పెట్టెలో పెట్టాలి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఆ పెట్టెలో వేయండి. వెండి పూత ఉన్నవాటికి రబ్బరు బ్యాండ్లు చుట్టకూడదు, నల్లటి చారలు పడతాయి. అన్నిటికంటే మంచి మందు ఒకటుంది. ముహూర్తాలు లేకపోయినా వారం పది రోజులకోసారి బయటికి తీసి కాసేపు వాయించడం. మీటలు కదులుతాయి, వేళ్లూ కదులుతాయి!

ఊపిరితిత్తుల మాట

ఇక్కడ కాస్త ఆగి చదవండి. 2010లో ‘చెస్ట్’ అనే అమెరికా వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. ట్రాంబోన్ వాయించడమే వృత్తిగా ఉన్న ఓ 35 ఏళ్ల వ్యక్తి 15 ఏళ్లుగా దగ్గుతో బాధపడుతున్నాడు. మందులకు లొంగలేదు. చివరికి డాక్టర్లు అతని ట్రాంబోన్ లోపల పరీక్షిస్తే బూజు, బ్యాక్టీరియా దొరికాయి. ఊదేటప్పుడు లోపలికి పీల్చే గాలితో అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వాపు తెస్తున్నాయి. వాయిద్యాన్ని క్రమం తప్పకుండా శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక దగ్గు తగ్గింది. 2016లో బ్రిటన్ డాక్టర్లు రాసిన ఇంకో కేసులో, బ్యాగ్‌పైపు వాయించే వ్యక్తి ప్రాణమే పోయింది.

ఊదే ప్రతివారికీ ఇలా అవుతుందని కాదు. అలా కావడం అరుదే. కానీ మన బ్యాండు కళాకారుల్లో దగ్గు వస్తే ‘దుమ్ము’ అనో ‘బీడీ’ అనో ఊరుకునేవారే ఎక్కువ. నెలల తరబడి పొడిదగ్గు, ఆయాసం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు ‘నేను బాకా ఊదుతాను’ అని తప్పకుండా చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తట్టే అవకాశం తక్కువ.

సొట్ట పడితే...

అన్ని సొట్టలూ ఒకటి కాదు. గరాటా అంచున పడిన సొట్ట చూపుకే లోటు. మౌత్‌పీస్ దగ్గరి సన్నగొట్టంలో చిన్న సొట్ట పడినా స్వరం దెబ్బతింటుంది. మీటల గూడు మీద పడితే మీటే బిగుసుకుపోతుంది. అందుకే గరాటా మీద నిలబెట్టడం, ఆటోలో ఒకదాని మీద ఒకటి పేర్చడం మానాలి.

మౌత్‌పీస్ ఇరుక్కుంటే పటకారుతో మెలితిప్పకండి. లీడ్‌పైపు అతుకులు ఊడి వస్తాయి. దాన్ని నిటారుగా లాగే చిన్న పనిముట్టు రిపేరు వాళ్ల దగ్గర ఉంటుంది. అసలు మౌత్‌పీస్ పెట్టేటప్పుడు అరచేత్తో కొట్టకుండా, మెల్లగా పెట్టి కొద్దిగా తిప్పితే ఇరుక్కోదు. సొట్టలు తీయడం కూడా ఇంట్లో చేసే పని కాదు. లోపలికి ఉక్కు గుండ్లు, కడ్డీలు పంపి, పైనుంచి మెత్తగా కొడుతూ రేకును మళ్లీ గుండ్రంగా తెస్తారు. స్కూటరు డెంటింగ్ షాపులో ఇస్తే సొట్ట పోతుందేమో కానీ స్వరం కూడా పోతుంది! ఈ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. మీ ఊళ్లో ఒకరుంటే పని ఇవ్వండి. పక్కన ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి నేర్పించమనండి.

చివరగా పెళ్లివారికి ఓ మాట. బ్యాండు మాట్లాడుకునేటప్పుడు యూనిఫాం ఎంత తళతళలాడుతోందో చూడకండి. ట్రంపెట్ మీటలు తేలిగ్గా కదులుతున్నాయా అని చూడండి. ఊరేగింపు మధ్యలో వాళ్లకు మంచినీళ్లు ఇవ్వండి. వాన పడితే వాయిద్యాలు పెట్టుకోవడానికి షామియానా కింద ఒక మూల చూపించండి. మీ అమ్మాయి పెళ్లి పాట ఆ గొట్టాల్లోంచే రావాలి మరి!